ఎవరి సమ్మతి కావలెను?



ఈ పూట నేను చెప్పబూనిన విషయం ఒక్కటే. మన రాజ్యాంగం ఎట్లా ఆమోదం పొందినదో, ఎట్లా సవరణలు పొందుతూ వచ్చినదో హైస్కూలు పిల్లలకు ఏ తీరుగా బోధపరచవలెననునది. భయపడకండి. అధికరణాల సంఖ్యలు ఏకరువు పెట్టబోను. ఆ పని మన పిల్లలే నాకంటె బాగా చేస్తారు. ఆమోదం పొందిన నాడు అధికరణాలెన్ని? 395. షెడ్యూళ్లెన్ని? 8. మాదాపూరులో గాని, కొండాపూరులో గాని, 9వ తరగతి పిల్లవాణ్ణి నిద్రలో లేపి అడిగినా ఈ బిట్లన్నీ గడగడ చెప్పేస్తాడు. కాని, ఆ రాజ్యాంగాన్ని ఎవరు ఒప్పుకున్నారు నాయనా, దానిని మార్చవలెనంటే ఎవరు ఒప్పుకోవాలి అని అడిగి చూడండి. తెల్లమొగం వేస్తాడు.

ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెబుతూ, అందులో చాలా కాలం ఈ సైబరాబాదు ప్రాంతంలోనే ఉంటూ, 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరచుకున్నది మొదలు బండరాళ్ల గుట్టలు కరిగి గాజుమేడలుగా లేచిన వైనాన్ని బడి కిటికీలో నుంచి చూస్తూ కాలం గడిపిన నాకు, ఇంత పెద్ద పాఠానికి ఒక చిన్న ప్రశ్న చాలునన్న సంగతి ఉద్యోగం ముగియవచ్చే రోజులలో గాని తట్టలేదు. ఆ ప్రశ్న ఇది. ఎవరి సమ్మతి కావలెను? మళ్లీ చెబుతాను. ఎవరి సమ్మతి కావలెను?

మన ఇంటి గడపనుంచే మొదలుపెడదాం. ఈ ప్రాంతంలో చాలామంది గేటెడ్ కమ్యూనిటీలలో కాపురముంటున్నారు. అయిదు టవర్లు, మూడు వందల ఫ్లాట్లు, నడుమ ఒక క్లబ్ హౌసు, అన్నిటికీ కలిపి ఒక అసోసియేషను. రాత్రి గేటు పదకొండుకు మూయాలా, పన్నెండుకా? అది కమిటీవారే తేల్చుకుంటారు. కమిటీ పదవీకాలం ఒక ఏడాదినుంచి మూడేళ్లు చేయాలా? అబ్బే, అది కమిటీ చేతిలో లేదు. అది బైలాలో ఉన్న మాట. అందుకు సర్వసభ్య సమావేశం పిలవాలి. సరే, ఒక్కొక్క టవరు మేడమీది డాబా ఆ టవరువారిదే అని బైలాలో ఉన్నదనుకోండి. దానిని తీసి అందరిదీ చేయవలెనంటే? సర్వసభ్య సమావేశం ఒక్కటే చాలదు, టవర్లవారు ఎవరికి వారు కూడి మాకు సమ్మతమే అనాలి అనుట న్యాయం కదా. చూశారా, ఒకే అసోసియేషనులో మూడు మెట్లు. మొదటిది మామూలు చట్టం. రెండవది రాజ్యాంగ సవరణ. మూడవది రాష్ట్రాల ధ్రువీకరణ.

ఇంతవరకు చెబితే పెద్దలకు అర్థమవుతుంది. పిల్లలకు ఇది చాలదు. పిల్లలకు చేతికి తగలాలి.

ఒక సంవత్సరం మా 9వ తరగతి ఏ సెక్షను పిల్లలచేత తరగతికొక రాజ్యాంగం రాయించాను. మూడు రోజులు వాదించుకున్నారు. ముందు బెంచీలు వారానికొకసారి మారాలన్నారు. ఆటల పీరియడులో గ్రౌండు ఒకనాడు క్రికెట్టుకు, మరునాడు త్రోబాల్‌కు అన్నారు. మొత్తం ఏడు నియమాలు. డ్రాయింగు షీటు మీద అందంగా రాసి, నలభై రెండు మందీ సంతకాలు చేసి, గోడకు అంటించారు. నేనూ మురిసిపోయాను. కాని ఒక పొరపాటు చేశాను. నియమాలను మార్చే నియమం రాయించడం మరచిపోయాను. ఇక చూడండి. సోమవారం చేతులెత్తి బెంచీల నియమం మార్చారు. మంగళవారం నలుగురు బడికి రాకపోయేసరికి తిరగమార్చారు. శుక్రవారానికి ఆ ఒక్క నియమమే నాలుగుసార్లు మారింది. చివరి బెంచీ అమ్మాయి ఒకతె లేచి, సార్, ఇది రూలా, వానా ఎండా అని అడిగింది. నా సర్వీసంతటిలో రాజ్యాంగశాస్త్రాన్ని గురించి నేను విన్న మంచి ప్రశ్నలలో అదొకటి.

అప్పుడు ఎనిమిదో నియమం రాసుకున్నాం. నియమం మార్చవలెనంటే రెండు షరతులు. హాజరుపట్టీలో ఉన్న మొత్తం పిల్లలలో సగానికి మించి ఒప్పుకోవాలి. ఆనాడు వచ్చి చేతులెత్తినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. రెండూ కావాలి. ఒకటి చాలదు. లెక్క వేయండి. పట్టీలో 42 మంది. సగానికి మించి అంటే 22. ఒకనాడు 30 మందే వచ్చి, అందరూ చేతులెత్తారు. మూడింట రెండు వంతులంటే 20. ఇరవై మంది సరేనన్నారు. మారినట్లా? కాదు. 22 నిండలేదు. సగం తరగతి ఇంటి దగ్గర ఉన్నప్పుడు తలుపుచాటున నియమం మార్చడానికి వీలులేకుండా వేసిన గడియ అది.

మన రాజ్యాంగంలో 368వ అధికరణం చెప్పేది అక్షరాలా ఇదే. లోక్‌సభలో 543 స్థానాలు. మొత్తం సభ్యత్వంలో సగానికి మించి అంటే 272. వచ్చి ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. ఇదే షరతు రాజ్యసభలోనూ విడిగా నెరవేరాలి. మా పిల్లలకు ఈ లెక్క నేను చెప్పలేదు. వాళ్లే నాకు చెప్పారు.

గ్రౌండు సంగతి మిగిలింది. గ్రౌండు మా సెక్షను ఒక్కదానిదే కాదు, బి సెక్షనుది కూడా. కాబట్టి దానిని గురించిన మార్పుకు బి సెక్షను సమ్మతి కూడా కావాలని తీర్మానించారు. బి సెక్షనువారు నాలుగు రోజులు నాన్చారు. తరువాత ఒప్పుకుంటాం గాని, ఈ మాటకు బదులు ఆ మాట పెట్టండి అన్నారు. అక్కడ ఆపాను. ధ్రువీకరించేవారు అవుననవచ్చును, కాదనవచ్చును. మాట మార్చడానికి మాత్రం వీలులేదు. సవరణలను ధ్రువీకరించే రాష్ట్రాల శాసనసభలకు కూడా అంతే అధికారం కలదు.

ఇక చరిత్రకు వస్తాను. ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడవాలి. ఇది మన ఊరి కథ.

రాజ్యాంగ పరిషత్తు 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైనది. సభ్యులు ప్రజల ఓటుతో నేరుగా వచ్చినవారు కారు. రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నవారు, సంస్థానాల పక్షాన వచ్చినవారు. ముసాయిదా మీద 7,635 సవరణలు అందగా, వాటిలో 2,473 సభ ముందుకు వచ్చినవి. 1949 నవంబరు 26న పరిషత్తు ఆమోదించింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. ఎవరి సమ్మతి? పరిషత్తు సమ్మతి. అంతే. తరువాత రాష్ట్రాల శాసనసభలకు పంపలేదు. ప్రజలనందరినీ ఓటు అడగలేదు.

ఆ సభలో తెలుగువారు కొద్దిమంది కారు. ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. దుర్గాబాయిగారు, పట్టాభి సీతారామయ్యగారు, ప్రకాశం పంతులుగారు, రంగాగారు మద్రాసు రాష్ట్రం తరపున కూర్చున్నారు. కాని హైదరాబాదు సంస్థానం పక్షాన? ఒక్కరూ లేరు. నిజాం ప్రభువు 1947లో యూనియనులో చేరలేదు, పరిషత్తుకు ప్రతినిధులను పంపలేదు. మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడుగారు ఆ సభలో ఉన్నమాట నిజమే, కాని ఆమె వచ్చింది బీహారు తరపున. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ మరుసటి సంవత్సరం, 1949 నవంబరు 23న, పరిషత్తు ఆమోదానికి సరిగా మూడు రోజుల ముందు, ఢిల్లీలో సిద్ధమవుతున్న ఆ రాజ్యాంగమే హైదరాబాదుకు కూడా రాజ్యాంగమని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా జారీ చేశారు.

ఎవరి సమ్మతి, చెప్పండి?

ప్రజల పేరిట మొదలయ్యే ఆ మహాగ్రంథం, నిన్నమొన్నటివరకు ప్రజలకు ఓటన్న మాటే సరిగా తెలియని ఈ గడ్డమీదికి, కోటిన్నరకు పైబడిన జనం పక్షాన, రాజ్యం చేజారిన ఒక్క ప్రభువు చేవ్రాలుతో దిగివచ్చినదన్న సంగతి తలచుకున్నప్పుడల్లా, చరిత్రకు హాస్యప్రియత్వం కూడా ఉన్నదేమోనని నాకు తోస్తుంది. ఈ కథ చెప్పిననాడు ఒక పిల్లవాడు, సార్, అయితే మా ముత్తాతను ఎవరూ అడగలేదా అన్నాడు. లేదు నాయనా, అప్పుడు అడగలేదన్నాను. మరి ఎప్పుడడిగారు? 1952లో. మొదటి సాధారణ ఎన్నికలలో. ఆ ఎన్నికల తరువాతనే బూర్గుల రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినారు. మీ ముత్తాత ఆనాడు ఓట్ల పెట్టెలో వేసిన కాగితమే తాను చెప్పిన మొదటి మాట అన్నాను. పిల్లవాడు ఇంటికి వెళ్లి నాయనమ్మను అడిగాడట. ఆ విధంగా పాఠం నా చేయి దాటిపోయింది.

ఇక్కడే ఇంకొక చిక్కు వస్తుంది. ఈ ప్రాంతంలో అమెరికానుంచి తిరిగివచ్చిన కుటుంబాలు చాలా ఉన్నవి. డల్లాసులో ఆరవ తరగతి చదివి వచ్చిన ఒక అమ్మాయి, మా రాజ్యాంగాన్ని రాష్ట్రాలన్నీ ధ్రువీకరించాయి, మీదెందుకు కాలేదు అని అడిగింది. మా, మీ అన్న మాటలకు తరగతి నవ్వింది గాని, ప్రశ్న మంచిదే. అక్కడ 13 రాష్ట్రాలు ముందే వేరువేరుగా ఉండి, తమలో తాము ఒడంబడిక చేసుకున్నవి. 1787లో ముసాయిదా సిద్ధమైతే, తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటేనే చెల్లునని షరతు. 1788 జూనులో న్యూ హాంప్‌షైర్ తొమ్మిదవది అయినది. సవరణకు ఇప్పటికీ మూడు వంతుల రాష్ట్రాలు కావాలి. అంటే 50లో 38. అందుకే ఇన్నేళ్లలో 27 సవరణలే. వాటిలో చివరిది 1789లో ప్రతిపాదించినది. మూలపడిపోయింది. 1982లో టెక్సాసులో చదువుకునే ఒక విద్యార్థి, ఆ ప్రతిపాదన ఇంకా బ్రతికే ఉన్నదని వ్యాసం రాస్తే, అతనికి సి గ్రేడు వచ్చింది. పట్టువిడవక రాష్ట్రాల శాసనసభలకు ఉత్తరాలు రాస్తూపోయాడు. 1992లో అది రాజ్యాంగంలో చేరింది. 2017లో అతని గ్రేడును ఏ గా మార్చారు. మార్కులకోసం ప్రాణాలు విడిచే మన కాలేజీలవాళ్లకు ఈ కథ చెప్పి ప్రయోజనం ఉన్నదో లేదో గాని, పిల్లలకు మాత్రం తప్పక చెప్పండి.

మన సవరణలకు వస్తే, మొదటిది 1951లోనే వచ్చింది. సాధారణ ఎన్నికలు కూడా కాలేదు. 2023నాటికి సంఖ్య 106కు చేరింది. వీటినన్నిటినీ చెప్పనక్కరలేదు. ఇక్కడి పిల్లలకు రెండు చాలు.

ఒకటి, గచ్చిబౌలి. మా బడి బస్సు రోజూ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందునుంచే పోతుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం. అది రాజ్యాంగ సవరణ వలన పుట్టిన విశ్వవిద్యాలయమని ఆ బస్సులో ఎవరికీ తెలియదు. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తరువాత 1973 సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకం వచ్చింది. హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టడం అందులో ఒక సూత్రం. కాని ఆనాడు విద్య రాష్ట్రాల జాబితాలోని విషయం. పార్లమెంటు వచ్చి రాష్ట్రంలో విశ్వవిద్యాలయం కట్టవలెనంటే అధికారం ఏది? అందుకని 32వ సవరణ చేసి, 371-ఇ అనే అధికరణం చేర్చి, ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఆ విశ్వవిద్యాలయానికి చోటు కల్పించారు. 1974లో విశ్వవిద్యాలయం మొదలైంది. ఎక్కడ మొదలైందో తెలుసునా? నాంపల్లిలో, గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇంటిలో. అది సరోజినీ నాయుడుగారి ఇల్లు. హైదరాబాదుకు చోటులేని సభలో బీహారు తరపున కూర్చున్న ఆమె ఇంటనే, సవరణ తెచ్చిన చదువు తొలి పాదం మోపింది. ఒకసారి పిల్లలను ఆ గేటు దగ్గర దింపి ఈ నాలుగు మాటలు చెప్పండి. పాఠ్యపుస్తకం పది పేజీలు మిగిలిపోతవి.

రెండవది, బిర్యానీ బిల్లు. నవ్వకండి. మాదాపూరులో ఏ హోటలులోనైనా బిల్లు అడిగి చూడండి. అడుగున రెండు పంక్తులుంటవి. సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. పన్ను వేసే అధికారాన్ని ఇద్దరూ పంచుకున్నప్పుడు ఎవరి సమ్మతి కావలెను? ఇద్దరిదీ. 2016 ఆగస్టులో పార్లమెంటు ఉభయసభలు ఈ పన్నుకు కావలసిన రాజ్యాంగ సవరణను ఆమోదించినవి. రాష్ట్రాల పన్నులను తాకే విషయం గనుక సగం రాష్ట్రాలకు తక్కువ కాకుండా ధ్రువీకరించవలసివచ్చింది. మొట్టమొదట అస్సాం ఒప్పుకుంది. మన తెలంగాణ శాసనసభ ఆగస్టు 30న ఒప్పుకుంది. సెప్టెంబరు 8న రాష్ట్రపతి సంతకం పడింది. అది 101వ సవరణ. బిల్లులోని ఆ రెండవ పంక్తి, తెలుసుకొని చదివినవానికి, శాసనసభలో ఎత్తిన చేతుల నీడవలె కనబడుతుంది.

ఇక్కడ తెలివైన పిల్లలు తప్పక ఒక మాట అడుగుతారు. సార్, పన్నుకే ఇంతమంది సమ్మతి కావాలిగదా, తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఎంతమంది ఒప్పుకున్నారు? చెప్పక తప్పదు. రాష్ట్రాలను విడదీయడానికి, కలపడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. 3వ అధికరణం క్రింద పార్లమెంటు మామూలు మెజారిటీతో చేయవచ్చును. ఉన్న రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, అంతే. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో త్రోసిపుచ్చింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అది న్యాయమా, అన్యాయమా అన్న వాదం ఇరుప్రాంతాల ఇళ్లలోనూ నేటికీ నడుస్తూనే ఉన్నది, దానిని తరగతిగదిలో తెగ్గొట్టడం ఉపాధ్యాయుని పని కాదు. కాని బిర్యానీ మీద పన్ను వేసే అధికారాన్ని మార్చడానికి మూడవ మెట్టు ఎక్కాలి, రాష్ట్రం పటాన్ని మార్చడానికి మొదటి మెట్టే చాలునన్న వింత పిల్లలకు కనబడేటట్లు చేయడం మాత్రం తప్పక మన పని.

ఇంకొక్క మాట. అందరూ ఒప్పుకున్నా మారరానిది ఏదైనా ఉన్నదా? ఉన్నది. ఈ వాదానికి నిప్పు రాజేసినవారు తెలుగువారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటు సవరణాధికారానికి హద్దు గీస్తూ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుగురు న్యాయమూర్తులలో ఏడుగురు, పార్లమెంటు సవరించవచ్చును గాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరపరాదన్నారు. ఆ ఏడుగురిలో మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి. జగన్మోహన్‌రెడ్డిగారు ఒకరు. పిల్లలకు చెప్పేటప్పుడు మళ్లీ అసోసియేషను దగ్గరకే రండి. మూడు వందల ఫ్లాట్లలో 299 మంది చేతులెత్తినా, మిగిలిన ఆ ఒక్క ఇంటికి మంచినీళ్లు ఆపడానికి వీలులేదు. అంతకన్న ఎక్కువ 9వ తరగతిలో అక్కరలేదు.

మీకు నేను ఇచ్చే పని ఒకటే. ఈసారి మీ అసోసియేషను సర్వసభ్య సమావేశం జరిగేనాడు, ఫోను చేతికిచ్చి పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టి వెళ్లకండి. వెంట తీసుకువెళ్లండి. వెనుక వరుసలో కుర్చీ వేయించండి. వాళ్లకు ఓటు ఉండదు. ఫరవాలేదు. చేతులెత్తినప్పుడు లెక్కపెట్టే పని మాత్రం వాళ్లకు అప్పగించండి.